ఫ్రీడా కాలో ఇంటికి వెళ్తున్నారా? కొన్నది టికెట్టేనా, ఇంకోసారి చూసుకోండి

మెక్సికో సిటీలో, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న చిత్రకారిణి ఫ్రీడా కాలో ఇల్లు చూద్దామని టికెట్ల కోసం వెతుకుతున్నవాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి. మేం ముగ్గురం 195 డాలర్లు కట్టి ఆ ఇంటి గోడ చూసి వచ్చాం. ముదురు నీలం రంగు గోడ, బాగుంది. కాకపోతే రోడ్డు మీద నిలబడితే అది ఎవరికైనా ఊరికే కనిపిస్తుంది.

మేం హ్యూస్టన్‌లో ఉంటాం. మా అత్తయ్య విజయవాడ నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మన పాస్‌పోర్టు వాళ్ళకు మెక్సికో వీసా వేరే అక్కర్లేదు, విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళకైనా సరే. విమానం రెండు గంటల పైచిలుకు. నాలుగు రోజులకు ప్లాన్ వేసుకున్నాం. మా ఆవిడ బొమ్మలు వేస్తుంది. ఈ ట్రిప్పులో తను అడిగింది ఆ నీలి ఇల్లు ఒక్కటే.

తప్పు నాతోనే మొదలైంది. పది రోజుల ముందు మ్యూజియం సొంత సైటు తెరిస్తే మేం ఉండే రోజుల్లో అన్ని స్లాట్లూ అయిపోయాయి. టెన్షన్ పడి వెతికితే, అన్నిటికంటే పైన ఒక టూర్ కంపెనీ ప్రకటన వచ్చింది. 'ఫ్రీడా కాలో మ్యూజియం, క్యూ లేకుండా', మనిషికి 65 డాలర్లు. అసలు టికెట్ ధర అందులో మూడో వంతు కూడా లేదు. ఆ పేజీలో ఆమె మంచం, వంటగది, తోట, అన్నిటి ఫోటోలూ ఉన్నాయి. రేటింగు కూడా బాగుంది. కార్డు గీకేశాను. మెయిల్లో 'వోచర్' వచ్చింది. టికెట్ అని ఎక్కడా లేదు, వోచర్ అనే ఉంది. నేను అక్కడే ఆగి చదవాల్సింది.

మంగళవారం పొద్దున, ఆ ఇల్లున్న కొయొవకాన్ పేటలో, తోడేళ్ళలాంటి కయోటీల బొమ్మలున్న ఫౌంటెన్ దగ్గరకు రమ్మన్నారు. గొడుగు పట్టుకున్న ఒక కుర్రాడు మాతోపాటు ఇంకో ఎనిమిది మందిని గంటన్నర తిప్పాడు. చర్చి, మార్కెట్టు, పాత వీధులు చూపించాడు. చెప్పడం బాగానే చెప్పాడు, అతని మీద నాకు కోపం లేదు. చివరికి లోంద్రెస్ వీధిలో ఆ గోడ ముందు ఆపి ఆమె కథ పది నిమిషాలు చెప్పి, "టూర్ అయిపోయింది, టికెట్లు ఉన్నవాళ్ళు మీ టైముకి లోపలికి వెళ్ళొచ్చు" అన్నాడు. మేం వోచర్ చూపించాం. అతను దాన్ని చూసి, మమ్మల్ని చూసి, ఏం మాట్లాడలేదు.

గేటు దగ్గర ఉన్నావిడ ఓపిగ్గా చెప్పింది. మ్యూజియం టికెట్ మీద తేదీ, లోపలికి వెళ్ళాల్సిన టైము, స్కాన్ చేసే కోడ్ ఉంటాయి. మా కాగితం మీద కోడ్ ఉంది, కానీ అది టూర్ కంపెనీ వాళ్ళది, మ్యూజియంది కాదు. అక్కడ గేటు దగ్గర టికెట్లు అమ్మరు. మాలాగే ఫోన్లు పట్టుకుని నిలబడ్డ జంట ఇంకొకటి కనిపించింది. మా అత్తయ్య పాపం మెట్రో మెట్లెక్కి దిగి అప్పటికే అలిసిపోయారు.

హోటల్‌కి వచ్చి ఆ పేజీ మళ్ళీ చదివితే, ఫోటోలన్నీ దాటాక, 'ఇంకా చదవండి' అన్నది నొక్కితే తప్ప కనిపించని చోట రెండు ముక్కలున్నాయి. మ్యూజియాన్ని బయటి నుంచి చూపిస్తారట. ప్రవేశం లభ్యతను బట్టి ఉంటుందట. అంటే పచ్చి అబద్ధం ఎక్కడా ఆడలేదు. పేరు ఒకటి పెట్టి, బొమ్మలు లోపలివి పెట్టి, మాట మాత్రం వీధి వరకే ఇచ్చారు. కంపెనీకి రాస్తే, "మీరు టూర్‌కి హాజరయ్యారు కాబట్టి డబ్బు వాపసు లేదు" అని జవాబు వచ్చింది. ఆ ధైర్యం చూసి నాకు నవ్వొచ్చింది కూడా.

కాబట్టి మీరు వెళ్ళేటప్పుడు విమానం టికెట్ కన్నా ముందు మ్యూజియం సొంత సైట్లో స్లాట్ చూసుకోండి. సోమవారం సెలవు. శని, ఆదివారాల సంగతి చెప్పనక్కర్లేదు. టూరే కావాలనుకుంటే, 'మ్యూజియం టికెట్ ఇందులో కలిసి ఉందా, ఏ రోజు, ఎన్ని గంటలకి' అని రాతపూర్వకంగా అడగండి. టైము చెప్పలేకపోతే వాళ్ళ దగ్గర టికెట్ లేనట్టే. ఇంకో సంగతి, మెక్సికో పౌరులకు ధర తక్కువ, దానికి గుర్తింపు కార్డు చూపించాలి. ఎవరైనా మరీ చవగ్గా ఇస్తున్నారంటే ఆ టికెట్ ఏ రకమో కనుక్కోండి.

పేర్ల గందరగోళం ఇంకొకటి. ఆ ఊళ్ళో ఫ్రీడా పేరుతో చూసే ఇళ్ళు ఒకటి కాదు. ఆమె 1907లో పుట్టి 1954లో కన్నుమూసిన నీలి ఇల్లు కొయొవకాన్‌లోది, అది 1958లో మ్యూజియం అయింది. శాన్ ఆంహెల్‌లో ఆమెకూ భర్త దియేగో రివేరాకూ ఆర్కిటెక్ట్ హువాన్ ఓగోర్మన్ కట్టిన జంట ఇళ్ళున్నాయి, మధ్యలో చిన్న వంతెన. అక్కడ కూడా ఫ్రీడా వైపు ఇల్లు నీలమే! ట్యాక్సీ అతనికి 'ఫ్రీడా నీలి ఇల్లు' అంటే సరిపోదు, వీధి పేరు చెప్పండి. వీటికి తోడు 2025లో ఆమె కుటుంబానికి చెందిన ఎర్ర ఇల్లు కూడా కొయొవకాన్‌లోనే మ్యూజియంగా తెరిచారు. చూడదగినవే అన్నీ, కానీ ఒకదాని టికెట్ ఇంకోదానికి పనికిరాదు. అన్నట్టు, 'ఇద్దరు ఫ్రీడాలు' అన్న పెద్ద పెయింటింగ్ కోసం వెళ్ళేవాళ్ళు నీలి ఇంటికి వెళ్తే నిరాశ పడతారు. అది చాపుల్తెపెక్ దగ్గర ఆధునిక కళల మ్యూజియంలో ఉంటుంది. ఆ ఇంట్లో చూడాల్సింది ఆ ఇంటినే.

ఇదంతా నాకెలా తెలుసంటే, మంగళవారం రాత్రి మా ఆవిడ నిద్రపోకుండా సైట్‌ని రిఫ్రెష్ చేస్తూనే ఉంది. గురువారానికి ఒకే ఒక్క స్లాట్ దొరికింది. ఒక్కరికే. నువ్వే వెళ్ళు అన్నాం. తను లోపల ఉన్నంతసేపూ నేనూ అత్తయ్యా నడిచి పది నిమిషాల దూరంలో ఉన్న ట్రాట్స్కీ ఇంటికి వెళ్ళాం. స్టాలిన్‌తో పడక దేశం విడిచిన రష్యా విప్లవ నాయకుడాయన. అక్కడ గేటు దగ్గరే టికెట్ ఇచ్చారు, జనం లేరు. ట్రాట్స్కీ మెక్సికో వచ్చిన కొత్తలో, 1937 నుంచి 1939 దాకా, ఫ్రీడా వాళ్ళ నీలి ఇంట్లోనే ఉన్నాడు. తర్వాత ఈ ఇంటికి మారాడు. 1940 మేలో జరిగిన దాడి తూటాల గుర్తులు పడకగది గోడ మీద ఇంకా ఉన్నాయి. ఆ ఆగస్టులో ఇక్కడే అతని మీద మంచుకొండలు ఎక్కేవాళ్ళు వాడే చిన్న గొడ్డలితో దాడి చేశారు, మర్నాడు చనిపోయాడు. తోటలో సమాధి, పక్కన అతను పెంచిన కుందేళ్ళ గూళ్ళు.

మా అత్తయ్య నాన్నగారు కృష్ణా జిల్లాలో పాత కమ్యూనిస్టు. ఆవిడ అన్నయ్య పేరు స్టాలిన్. గూళ్ళ ముందు కాసేపు నిలబడి, "మా నాన్న ట్రాట్స్కీ అనే మాటని తిట్టుగా వాడేవారు. ఈయనా మనలాగే కుందేళ్ళకి గడ్డేసుకున్నాడన్నమాట" అన్నారు. నీలి ఇల్లు దక్కలేదన్న బాధ నాకు సగం అక్కడే పోయింది.

సాయంత్రం మా ఆవిడ ఫోన్లో ఫోటోలు చూపించింది. 1925లో ఫ్రీడాకు జరిగిన బస్సు ప్రమాదం తర్వాత పడుకున్నచోటే బొమ్మలు వేసుకునేందుకు మంచం పైన బిగించిన అద్దం. సుత్తి, కొడవలి గీసుకున్న ప్లాస్టర్ జాకెట్టు. వంటగది గోడ మీద చిన్నచిన్న మట్టి కుండలతో రాసిన ఫ్రీడా, దియేగో పేర్లు. 2004 దాకా తలుపు తీయని స్నానాలగదిలో దొరికిన బట్టలు. మంచం కాళ్ళ వైపు గోడకి మార్క్స్, ఎంగెల్స్, లెనిన్, స్టాలిన్, మావో ఫోటోలు. అత్తయ్య ఫోన్ దగ్గరగా పెట్టుకుని వేలితో ఒక్కొక్కరినీ లెక్కపెట్టారు. "మా ఇంట్లో హాల్లో ఉండేవి ఇవి. ఈవిడ పడగ్గదిలో పెట్టుకుందా" అన్నారు.

డబ్బు సంగతి, కార్డు బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను. ఆ పేజీ స్క్రీన్‌షాట్లు, వోచర్, వాళ్ళ మెయిలు జతచేశాను. బుక్ చేసిన రోజే పేజీ స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి, ఎందుకంటే నేను ఫిర్యాదు చేసిన వారానికి ఆ పేజీలో 'బయటి నుంచి' అన్న ముక్క పైకి వచ్చేసింది. బ్యాంకు నుంచి ఇంకా జవాబు లేదు.