గాలియానోనా, ఒలివెరోసా: అకార్డియన్ వినడం ఎవరితో మొదలుపెట్టాలి?

మన హార్మోనియంలో లాగే అకార్డియన్‌లోనూ గాలికి రీడ్లు పలుకుతాయి. ఆ వాద్యంతోనే స్వరకర్తలుగా ఎదిగిన ఈ ఇద్దరి దారులు మాత్రం పూర్తిగా వేరు.

ఫ్రాన్స్‌లో 1950లో పుట్టిన రిషార్ గాలియానోకి తండ్రి కూడా అకార్డియన్ మాస్టారే. టాంగోని తాను కొత్తగా మలిచినట్టే పారిస్ డాన్స్ హాళ్ల మ్యూజెట్ సంగీతాన్ని కూడా మలచమని, అర్జెంటీనా టాంగో స్వరకర్త ఆస్టర్ పియాజోలా ఆయనకి సలహా ఇచ్చారు. గాలియానో అందులోకి జాజ్ తెచ్చారు. వేళ్లు పరుగెడతాయి, పాట మొదటిసారికే పట్టేస్తుంది.

అమెరికాలోని హ్యూస్టన్‌లో పుట్టిన పాలిన్ ఒలివెరోస్‌కి (1932–2016) ఆ వేగంతో పనిలేదు. తన రీడ్లని పియానో శ్రుతిలో కాకుండా స్వరాల మధ్య సరళమైన సంఖ్యల నిష్పత్తులుండే శుద్ధ శ్రుతిలో పెట్టించుకున్నారు. 1988లో వాషింగ్టన్ రాష్ట్రంలో, భూమి లోపలున్న ఖాళీ నీటి ట్యాంకులోకి తోటి కళాకారులతో దిగి వాయించి రికార్డు చేశారు. అక్కడ వాయించడం ఆపినా స్వరం దాదాపు 45 సెకన్లు మోగుతూనే ఉంటుంది. వెనక్కొచ్చే ఆ నాదాన్ని విని, దానికి పొసిగేలా తర్వాతి స్వరం వేయాలి. తంబురా శ్రుతికి అలవాటుపడిన మన చెవికి ఇది పరాయిగా అనిపించదు.

కొత్తవాళ్లకి గాలియానోనే చెప్తాను. నాకు మాత్రం ఒలివెరోసే ఎక్కువ ఇష్టం. వేరే పని పెట్టుకోకుండా, తీరిగ్గా వినాలి.