గ్యారేజ్ తలుపు, దాని స్ప్రింగులు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మా గ్యారేజ్‌కి ఉన్నది నాలుగు పలకలు కలిపి చేసిన స్టీల్ తలుపు. పక్కనున్న పట్టాల మీద జారుతూ పైకప్పు కిందికి వెళ్లిపోతుంది. ఏళ్లుగా రోజూ వాడుతున్నాం. తలుపు మీద ఫిర్యాదు లేదు, మోటార్ మీద అంతకన్నా లేదు. నేను చెప్పాలనుకున్నదంతా తలుపు పైన షాఫ్ట్‌కి చుట్టుకుని ఉండే టోర్షన్ స్ప్రింగుల గురించే.

బటన్ నొక్కగానే మోటారే తలుపును ఎత్తుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బరువంతా మోసేది స్ప్రింగులు. రెండు కార్లు పట్టే తలుపు వంద కిలోల దాకా ఉండొచ్చు. దాన్ని ఒంటిచేత్తో లేపగలుగుతున్నామంటే, ఆ బరువుకు సరిపడా బలాన్ని స్ప్రింగు ముందే బిగించి దాచుకుంది కాబట్టే. తలుపు మూసి ఉన్నప్పుడు ఆ టెన్షన్ అన్నిటికన్నా ఎక్కువ. చూడ్డానికి మాత్రం ఏ కదలికా ఉండదు, అందుకే భయం వేయదు.

మామూలు స్ప్రింగులు సుమారు 10,000 సైకిళ్లకు తయారవుతాయి. ఒకసారి తెరిచి మూస్తే ఒక సైకిల్. రోజుకు నాలుగుసార్లు వాడే ఇంట్లో ఏడేళ్లు తిరక్కముందే ఆ లెక్క అయిపోతుంది. మాది తలుపు మూసి ఉండగానే తెగింది, ఇల్లంతా అదిరింది. వెళ్లి చూస్తే స్ప్రింగు చుట్ల మధ్య రెండు వేళ్ల ఖాళీ. మోటార్ తలుపును జానెడు లేపి ఆగిపోయింది. అలాంటప్పుడు మళ్లీ మళ్లీ బటన్ నొక్కకండి, మోటార్ పాడవుతుంది. తలుపు తెరిచి ఉండగా స్ప్రింగు తెగితే, తలుపును మోటార్ నుంచి విడదీసే ఎర్ర తాడు అస్సలు లాగొద్దు. మోటార్ పట్టు వదిలిందంటే తలుపు బరువంతా ఒక్కసారిగా కిందికి వచ్చేస్తుంది.

మార్చేటప్పుడు మెకానిక్ పనిని దగ్గరుండి చూశాను. ముందు మోటార్ ప్లగ్ తీశాడు, తలుపు పైకి లేవకుండా పట్టాకి క్లాంప్ బిగించాడు. స్ప్రింగు చివరనున్న కోన్ రంధ్రాల్లోకి మూరెడు పొడవున్న రెండు ఉక్కు కడ్డీలు దూర్చి, పావు చుట్టు చొప్పున తిప్పాడు. రెండో కడ్డీ అడుగుదాకా దిగిందని చూసుకున్నాకే మొదటిది తీసేవాడు. ముఖం ఒక్కసారి కూడా కడ్డీకి ఎదురుగా పెట్టలేదు. కొత్త స్ప్రింగు మీద నిలువుగా ఒక రంగు గీత ఉంటుంది. తిప్పేకొద్దీ అది మెలి తిరుగుతుంది, ఆ మెలికలు లెక్కపెడితే ఎన్ని చుట్లు పడ్డాయో తెలుస్తుంది. ఏడడుగుల తలుపుకి దాదాపు ముప్పై పావు చుట్లు పడతాయి.

వీడియోల్లో ఇది సులువుగా కనిపిస్తుంది. నిజంగానే కడ్డీ చేతిలో ఉన్నంతసేపూ బరువు మరీ భరించలేనంత ఉండదు, మోసం అక్కడే ఉంది. పట్టు జారితే బిగించిన చుట్లన్నీ క్షణంలో విప్పుకుంటాయి, కడ్డీ గిర్రున తిరుగుతుంది. వేళ్లు విరుగుతాయి, దవడ పగులుతుంది, కళ్లు పోతాయి. కడ్డీల బదులు స్క్రూడ్రైవర్ వాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. అది రంధ్రంలో సరిగా కూర్చోదు, జారిపోతుంది. తలుపు కింది మూలల్లో, స్ప్రింగు బలంతో తలుపును పైకి లాగే కేబుల్ తగిలించిన బ్రాకెట్ కూడా ఇంతే ప్రమాదం. చాలా తలుపులకు దానికి ఎర్ర రంగు వేసేది అందుకే. టెన్షన్ ఉండగా ఆ బోల్టులు విప్పకూడదు.

పట్టాల వెంబడి సాగే ఎక్స్‌టెన్షన్ స్ప్రింగులు మీకుంటే, వాటి లోపల నుంచి సేఫ్టీ కేబుల్ వెళ్తోందో లేదో ఈరోజే చూడండి. అది లేకపోతే తెగిన స్ప్రింగు ముక్క ఎటైనా విసిరేసినట్టు ఎగిరిపోతుంది. కేబుల్ వేయించేదాకా పిల్లల్ని అక్కడ ఆడుకోనివ్వొద్దు.

ఇంట్లో చేసుకోదగ్గ పనులు లేకపోలేదు. కీళ్లకు, రోలర్లకు, స్ప్రింగుకు లూబ్రికెంట్ స్ప్రే కొడతాను, తలుపు దారిలో ఏదైనా అడ్డొస్తే కనిపెట్టే సెన్సార్ల కళ్లు తుడుస్తాను. అప్పుడప్పుడూ తలుపు మూసి, ఎర్ర తాడు లాగి, చేత్తో సగం దాకా లేపి నెమ్మదిగా పట్టు సడలిస్తాను. అక్కడే నిలబడితే స్ప్రింగు బాగున్నట్టు. కిందికి జారుతున్నా, పైకి పోతున్నా మెకానిక్‌కి ఫోన్ చేస్తాను, అంతకుమించి చెయ్యి పెట్టను.

తెగింది ఒకటే అయినా రెండూ మార్పించాను, ఎందుకంటే రెండింటి వయసూ ఒకటే. ఈసారి 25,000 సైకిళ్ల రకం వేయించాను. తీగ లావు, పొడవు ఎక్కువ, కాబట్టి షాఫ్ట్ మీద చోటుందో లేదో ముందే కొలిపించుకోవాలి. ఖర్చు కొంచెం పెరిగింది కానీ, తలుపు ఎక్కువగా వాడే ఇంటికి నేను ఇదే చెబుతాను.