ప్రోటాన్ సమీక్ష: గేమ్ ఆడించడంలో దిట్ట, క్రాష్‌కు కారణం చెప్పడానికే మొహమాటం

విండోస్ గేములను లినక్స్‌లో ఆడించే ప్రోటాన్‌ను, స్టీమ్ అనే గేముల స్టోర్‌ను నడిపే వాల్వ్ 2018 ఆగస్టులో విడుదల చేసింది. లోపల ఉన్నది వైన్, విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్. దానికి తోడు విండోస్ గేములు గ్రాఫిక్స్‌కు వాడే డైరెక్ట్‌ఎక్స్ 11, ఆ లోపు వెర్షన్లకు డీఎక్స్‌వీకే, 12కు వీకేడీ3డీ-ప్రోటాన్. ఈ రెండూ గేమ్ అడిగే గ్రాఫిక్స్ పనిని లినక్స్‌లోనూ నడిచే గ్రాఫిక్స్ వ్యవస్థ వల్కన్‌కు అప్పజెబుతాయి. ఇంతవరకూ వంక పెట్టడానికి లేదు. చిక్కంతా క్రాష్ అయినప్పుడే. విండో మాయమవుతుంది, ప్లే బటన్ ఏమీ ఎరగనట్టు మళ్లీ పచ్చగా వెలుగుతుంది, చాలాసార్లు ఒక్క ముక్క ఎర్రర్ కూడా కనబడదు.

ఏం జరిగిందో నమోదు చేసే లాగ్ ఉంది గానీ, అడిగితే తప్ప రాయదు. స్టీమ్‌లో ఆ గేమ్ లాంచ్ ఆప్షన్స్‌లో ప్రోటాన్ లాగ్ వేరియబుల్‌కు 1 ఇచ్చి, పక్కనే రెండు పర్సెంట్ గుర్తుల మధ్య కమాండ్ అన్న మాట చేర్చాలి (PROTON_LOG=1 %command%). ఆ మాట మరిచిపోతే స్టీమ్ మొత్తాన్నీ గేమ్‌కే ఆర్గ్యుమెంట్‌గా పంపేస్తుంది, లాగ్ పడదు. పడితే హోమ్ ఫోల్డర్‌లో గేమ్ ఐడీ నంబరుతో ఉంటుంది. అందులో 'ఫిక్స్‌మీ' లైన్లు చూసి కంగారు పడొద్దు, శుభ్రంగా నడిచే గేములోనూ అవి కుప్పలుగా వస్తాయి. చివరి నుంచి పైకి చదవండి.

ర్యామ్ ఖాళీగా ఉన్నా పెద్ద మ్యాప్ లోడయ్యేటప్పుడే కూలుతుంటే మెమరీ మ్యాపుల (ప్రోగ్రామ్ వాడుకునే మెమరీ ముక్కల) పరిమితిని అనుమానించాలి. లినక్స్ కెర్నల్ మామూలుగా ఒక ప్రాసెస్‌కు 65530 మ్యాపులే ఇస్తుంది, కొన్ని గేములకు అది చాలదు. ఫెడోరా 39, ఉబుంటు 24.04 దీన్ని 1048576కు పెంచాయి. పాత డిస్ట్రోలో (లినక్స్ రకంలో) కెర్నల్ సెట్టింగులు మార్చే సిస్‌సీటీఎల్ కమాండ్‌తో vm.max_map_count విలువను మనమే పెంచుకోవాలి. కాన్ఫిగ్ ఫైల్లో రాయకపోతే రీబూట్‌తో పాత అంకె తిరిగొస్తుంది.

అసలు తెరుచుకోకుండానే మూసుకుపోతే డ్రైవర్ చూడండి. ప్రోటాన్ 8 నుంచి వల్కన్ 1.3 తప్పనిసరి. పాత కార్డుకు ఆ మద్దతు లేకపోతే ప్రోటాన్ 7తో సరిపెట్టుకోవాలి. 32 బిట్ గేమ్‌కు 32 బిట్ వల్కన్ లైబ్రరీలు వేరుగా కావాలి. విండోస్‌తో పంచుకునే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ పద్ధతి) డ్రైవ్‌లో గేములు పెట్టడం మరో తలనొప్పి: ప్రతి గేమ్‌కూ విండోస్ ఫైళ్లు దాచే కాంప్‌డేటా ఫోల్డర్‌లో ప్రోటాన్ 'సి' పక్కన కోలన్ గుర్తుతో లింకు సృష్టిస్తుంది, విండోస్ నియమాల్లో ఆ పేరు చెల్లదు. గేమ్ కూలుతుంటే కాంప్‌డేటాలో ఆ గేమ్ ఫోల్డర్‌ను తీసేసి కొత్తగా మొదలుపెట్టమనే సలహా చాలాసార్లు పనిచేస్తుంది. అయితే క్లౌడ్ సేవ్ లేని గేముల సేవ్ ఫైళ్లు చాలావరకు అందులోనే ఉంటాయి. ముందు కాపీ తీసుకోండి.

సర్వర్‌లో చేరగానే బయటికి నెట్టేస్తే అది చాలావరకు క్రాష్ కాదు, మోసాన్ని అడ్డుకునే యాంటీ-చీట్ పని. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ రెండూ ప్రోటాన్‌తో నడవగలవు, గేమ్ తయారీదారు అనుమతిస్తేనే. స్టీమ్ లైబ్రరీ టూల్స్‌లో వాటి రన్‌టైమ్ (అవి నడవడానికి కావలసిన ఫైళ్లు) ఉందో లేదో చూసుకోండి. అపెక్స్ లెజెండ్స్ గేమ్ 2024 అక్టోబరు చివరి దాకా లినక్స్‌లో నడిచేది, తర్వాత తయారీదారే తలుపు మూశాడు. అక్కడ ప్రోటాన్ వెర్షన్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.