గనిలో వంగి పనా, మోకాళ్ల మీదా: ఏది మేలు?

గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనుల్లో పనిచేసిన పెద్దలున్న ఇళ్లలో నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి కొత్త సంగతులు కావు. ఆ ఇళ్ల కుర్రాళ్లు ఇప్పుడు వేరే రాష్ట్రాల భూగర్భ గనులకు వెళ్తూ, ఫిజియోథెరపీ చేసే నన్ను ఒకటే అడుగుతున్నారు: "సార్, నిటారుగా నిలబడే ఎత్తు లేనిచోట వంగి పార పట్టాలా, మోకాళ్ల మీద కూర్చునా?"

బలం ఒక్కటే చూస్తే వంగడమే మేలు. తుంటి, తొడ కండరాలు సాయపడతాయి, అడుగు మార్చుకోవచ్చు, పైనుంచి పెళ్ల ఊడితే చటుక్కున తప్పుకోవచ్చు. మోకాళ్ల మీద ఉంటే కాళ్ల బలం కలిసిరాదు, ఎత్తగలిగే బరువు తగ్గుతుంది. మేస్త్రీలు వంగమనేది ఇందుకే.

నాకు మాత్రం ఎంతసేపు వంగారన్నదీ, ఆ వెంటనే ఏం ఎత్తారన్నదీ ముఖ్యం. బాగా ముందుకు వంగాక నడుము కండరాలు ఒక దశలో పట్టు వదిలేస్తాయి. ఒంటి భారం వెన్నుపూసల మధ్య డిస్కుల మీద, వెనక ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ల మీద పడుతుంది. లిగమెంట్లు మెల్లగా సాగుతాయి. నిటారుగా లేచినంత మాత్రాన అవి వెంటనే బిగుసుకోవు. సాగడానికి పట్టినదానికన్నా ఎక్కువ సమయమే పడుతుంది. సరిగ్గా ఆ వదులు నడుముతోనే తట్ట ఎత్తి, పాదాలు కదపకుండా ఒళ్లు మెలితిప్పి పక్కవాడికి అందిస్తారు. డిస్కు జారి నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది చెప్పేది పెద్ద బండ గురించి కాదు, సగం నిండిన తట్ట గురించే.

అందుకే ఎక్కువసేపు సాగే పారపనికి, రాయి ఏరడానికి మోకాళ్ల మీద ఉండటమే మేలంటాను, తట్టలో సగమే నింపుకుని. బరువైనది ఒక్కసారి జరపాల్సి వస్తే వంగండి. అప్పటికే చాలాసేపు వంగి ఉంటే మాత్రం, ఎత్తున్న చోటికి వెళ్లి రెండు నిమిషాలు నిటారుగా నిలబడ్డాకే బరువు పట్టండి.

మోకాళ్లు అరగవా అంటే, అరుగుతాయి. బొగ్గు గని కార్మికుల మోకాలి కీళ్ల అరుగుదలను బ్రిటన్ 2009లో వృత్తి వ్యాధుల జాబితాలోకి తెచ్చింది. కాబట్టి ప్యాడ్లు లేకుండా నా సలహా పాటించవద్దు. ప్యాడ్ మందంగా ఉండాలి, పట్టీ మోకాలి వెనక కోసుకోకూడదు. లోపల చిన్న రాతిముక్క చేరినా షిఫ్టు అయ్యేసరికి చిప్ప ముందు నీరు చేరి ఉబ్బుతుంది. విశ్రాంతి దొరికినప్పుడల్లా విప్పి దులపండి.

గొంతుకూర్చోవడం మనకు అలవాటే అయినా బరువు పనికి పనికిరాదు. ఇక నడుము బెల్టు: దెబ్బ తగలని నడుమును అది కాపాడుతుందనడానికి ఆధారం లేదని అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ 1994లోనే తేల్చింది. ఆ డబ్బుతో రెండో జత ప్యాడ్లు కొనుక్కోండి.