మూఢం వస్తేనే ఆట: విజయనగరంలో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఆరేళ్ళు

2019 సంక్రాంతికి ముందు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట పెట్టె మా ఇంటికి వచ్చింది. రెండు వేల లోపే పడింది. పార్సిల్ ఒక మూల నొక్కుకుపోయి ఉంది గానీ లోపలి సామానుకి ఏమీ కాలేదు. ఆరు డైస్, 32 పేజీల నియమాల పుస్తకం, 64 పేజీల కథ పుస్తకం, ముందే తయారుచేసి పెట్టిన ఐదు పాత్రల కాగితాలు. బోర్డు లేదు, పావులు లేవు. మా రైల్వే వాడు పెట్టెని తిరగేసి రెండుసార్లు దులిపి, "బోర్డేదిరా? నిన్ను మోసం చేసీసినారు" అన్నాడు.

బోర్డు ఉండదు. ఒకడు కథ చెబుతాడు, వాణ్ణి డంజన్ మాస్టర్, పొట్టిగా డీఎం అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. "అడవి దారిలో బండి తోలుకుని వెళ్తున్నారు. దారికి అడ్డంగా రెండు గుర్రాలు చచ్చి పడున్నాయి. ఏం చేస్తారు?" అని అడుగుతాడు. చెయ్యాలనుకున్నది నోటితో చెప్పాలి. అవుతుందో లేదో అనుమానం ఉన్నచోట 20 ముఖాల డైస్ వేసి, వచ్చిన అంకెకి పాత్ర బలాన్ని కలుపుతారు. డీఎం మనసులో పెట్టుకున్న అంకెని అందుకుంటే పని అయినట్టే. బుర్రకథ చూసినవాళ్ళకి తొందరగా ఎక్కుతుంది: కథకుడు మధ్యలో, చెరో పక్కా వంతలు. కాకపోతే ఈ వంతలు తందాన తాన అనరు. "ఆగు, మేం కోట గుమ్మంలోంచి వెళ్ళం, వెనక గోడ దూకుతాం" అంటారు. కథకుడు రాత్రంతా కూర్చుని రాసుకున్నది అక్కడితో సరి.

ఆట పుట్టింది 1974లో, అమెరికాలో. సైనికుల బొమ్మలు పెట్టుకుని యుద్ధాలు ఆడుకునే గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేశారు. మొదట అచ్చయినవి వెయ్యి పెట్టెలే. మేం ఆడేది 2014లో వచ్చిన ఐదో ఎడిషన్. 2024లో నియమాలు మళ్ళీ సవరించారు, మేం మారలేదు. ఉన్నవి బట్టీ పట్టడానికే రెండేళ్ళు పట్టింది.

మేం ఐదుగురం. డీఎం నేను. రైల్వే వాడు, లెక్కల మాస్టారు, మెడికల్ షాపు బావ, మా చెల్లి. మొదటి నెల చాలా చప్పగా సాగింది, తప్పు నాదే. పుస్తకం ఇంగ్లీషులో ఉంది కదా అని ఆట కూడా ఇంగ్లీషులోనే ఆడించాను. "ఐ అటాక్ ది గాబ్లిన్" అని మాస్టారు నిటారుగా కూర్చుని చెబుతుంటే ఉద్యోగం ఇంటర్వ్యూ చేస్తున్నట్టు ఉండేది. నాలుగో వారం పొదలోంచి బయటికొచ్చిన గాబ్లిన్ (మరుగుజ్జు రాక్షసుడు) చేత, ముందేమీ అనుకోకుండానే, "ఏటి బావూ, ఎటెల్తన్నారు?" అనిపించాను. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మెడికల్ షాపు బావ గొంతు సవరించుకుని, "నీకెందుకెహె, మా ఊరి దారి" అన్నాడు. ఇరవై నిమిషాలు ఆ గాబ్లిన్‌తో ఊరు పేరు చెప్పు, ఇంటి పేరు చెప్పు అని కబుర్లే. పుస్తకం ప్రకారం అక్కడ యుద్ధం జరగాలి. మాకు జరగలేదు. మా ఆట మొదలైంది ఆ రోజే అని నా లెక్క.

డైస్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ఆటలో చేత్తో ముట్టుకునే వస్తువు అదొక్కటే. నాలుగు ముఖాల డైస్ ఏ వైపు పడినా మొన పైకే ఉంటుంది. చీకట్లో కాలి కింద పడితే అచ్చం పల్లేరుకాయ. మా ఇంట్లో అందరూ ఒకసారైనా తొక్కారు. ఇక 20 ముఖాలది. మా మాస్టారు తరగతిలో నాణేనికి జ్ఞాపకం ఉండదని పిల్లలకి చెబుతారు. ఇక్కడికొచ్చి "మూడుసార్లు తక్కువ పడింది, ఈసారి పడి తీరాలి" అంటారు. ఒక వర్షాకాలం వరసగా దెబ్బలన్నీ తప్పిపోయేసరికి డైస్‌లోనే ఏదో ఉందని పట్టుబట్టారు. స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, డైస్ తేలేదాకా రాళ్ళుప్పు కరిగించాం. చాలా పడుతుంది, గుప్పెడు వేసినా మునిగే ఉంది. మొత్తానికి తేలింది. వేలితో తిప్పి వదలడం, పైకొచ్చిన అంకె కాగితం మీద రాయడం. ప్రతిసారీ అదే అంకె వస్తుంటే లోపల బరువు ఒకవైపు ఉన్నట్టు. వంటింట్లోంచి మా అమ్మ "ఉప్పు డబ్బా ఎవరు పట్టికెళ్ళారు?" అని కేకలు. అరగంట తిప్పాం. ఒక్కో తడవ ఒక్కో అంకె. డైస్ మచ్చలేనిదని తేలింది, మాస్టారి మొహం మాత్రం చిన్నబోయింది.

పాత్ర కాగితాన్ని మేం జాతకం అంటాం. బలం, చురుకుదనం, ఒంటి గట్టిదనం, తెలివి, వివేకం, ఆకర్షణ అని ఆరు గళ్ళుంటాయి. పది ఉంటే మామూలు మనిషి. అక్కణ్ణుంచి ప్రతి రెండు అంకెలకీ ఒకటి చొప్పున డైస్‌కి కలుస్తుంది. ఈ లెక్క పది నిమిషాల్లో వస్తుంది. రానిది యుద్ధం లెక్క. నియమాల ప్రకారం ఒక రౌండు అంటే ఆరు సెకన్లు. మా బల్ల దగ్గర ఆ ఆరు సెకన్లకి ముప్పావుగంట పడుతుంది. ఎవడి వంతు వాడిది కదా, తన వంతు రాని వాడు ఫోన్‌లో స్కోరు చూస్తాడు. తీరా వంతు వచ్చాక "ఇప్పుడేటైంది?" అంటాడు. ఆరేళ్ళలో ఇది బాగుపడలేదు. నాకున్న పెద్ద విసుగు ఇదే. ఇప్పుడు నేను యుద్ధాలే తగ్గించేశాను.

తగ్గించకపోయినా వాళ్ళే తప్పిస్తారు. ఒకసారి నాలుగు రాత్రులు కూర్చుని పాడుబడిన కోట ఒకటి గీశాను. ఏ గదిలో ఏముందో, ఏ తలుపు వెనక ఎవరున్నారో అన్నీ రాసుకున్నాను. దారిలో ఒక సంత ఉందని మాటవరసకి అన్నాను, అంతే. బావ మేకని కొంటానన్నాడు. ఎందుకని అడిగితే "కోటలో ఉచ్చులుంటాయి కదా, ముందు దాన్ని తోలుదాం" అన్నాడు. మానాపురం పశువుల సంతలో బేరం ఎలా జరుగుతుందో అలాగే జరిగింది: పళ్ళు చూశాడు, నడిపించి చూశాడు, వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేశాడు, మళ్ళీ వచ్చాడు. అమ్మేవాణ్ణి నేను. రెండు గంటలు. కోట అలాగే ఉండిపోయింది. ఆ రాత్రి అందరూ వెళ్ళాక నా కాగితాలు సర్దుకుంటుంటే ఒళ్ళు మండింది. మర్నాడు ఆఫీసులో గుర్తొచ్చి నవ్వుకున్నాను, అది వేరే సంగతి.

ఆ మేక వల్లే మా రైల్వే వాడి మాంత్రికుడు పోయాడు.

రెండేళ్ళు పెంచిన పాత్ర. గుహలో పోట్లాట జరుగుతోంది. బొర్రా గుహలు తలుచుకుని వర్ణించాను, పైనుంచి రైలు పోతున్న చప్పుడొక్కటే తక్కువ. ఎన్ని దెబ్బలు తట్టుకోగలడో చెప్పే అంకెని ప్రాణాలంటాం. మాంత్రికుడివి సున్నాకి వచ్చి గొయ్యికి అవతల పడిపోయాడు. పడినవాడు తన వంతు వచ్చినప్పుడల్లా 20 ముఖాల డైస్ వెయ్యాలి. పది, ఆపైన పడితే ఒక గెలుపు, తగ్గితే ఒక ఓటమి. ఏవి ముందు మూడైతే అదే వాడి గతి. గాయాలు మాన్పే పాత్ర బావది. ఆ రోజుకి మిగిలిన ఆఖరి మంత్రం అంతకు పది నిమిషాల ముందే మేక కాలికి వాడేశాడు. ఇక పరిగెత్తాలి, గొయ్యి చుట్టూ తిరిగి రావడానికి రెండు వంతులు పడుతుంది. రైల్వే వాడికి అప్పటికి రెండు గెలుపులు, రెండు ఓటములు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫోన్ టార్చీలు వెలిగాయి. వాడు డైస్‌ని రెండు చేతుల్లో పెట్టుకుని ఊదాడు, వేశాడు. బల్ల అంచుకి తగిలి కిందపడి, దొర్లుకుంటూ బీరువా కిందకి పోయింది.

బల్ల మీంచి పడితే చెల్లదు. ఇది మా రూలు. మొదటి నెలలో ఆ రూలు పెట్టించిందే రైల్వే వాడు. అయినా అందరం నేల మీద బోర్లా పడుకుని టార్చీ వేసి చూశాం. దుమ్ములో, మా అబ్బాయి పాత రబ్బరు పక్కన, 20. ఇరవై పడితే గెలుపు కూడా కాదు, ఏకంగా ఒక ప్రాణంతో లేచి కూర్చుంటాడు! వాళ్ళు వేసిన కేకలకి కింద వాటావాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. నేను "చెల్లదు, మళ్ళీ వెయ్యి" అన్నాను. నాలుగు పడింది.

వాడు జాతకాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. టీ తాగలేదు. మూడు వారాలు డ్యూటీ అన్నాడు. డ్యూటీ లేదని మాకు తెలుసు. ఇప్పుడైతే ఆ ఇరవైని ఒప్పుకునేవాణ్ణి. అప్పుడు రూలంటే రూలే అనుకున్నాను, డీఎం కుర్చీలో కూర్చున్నవాడికి అలాంటి పిచ్చి ఒకటి ఎక్కుతుంది. నాలుగో వారం వచ్చాడు, కొండంత ఒంటితో ఒక కత్తియోధుణ్ణి రాసుకుని. "మంత్రాలొద్దు, గింత్రాలొద్దు" అన్నాడు. మేక వైపు మాత్రం ఇప్పటికీ చూడడు.

తారీఖు కుదరడం అన్నిటికన్నా కష్టం. రైల్వే వాడికి షిఫ్టులు, బావకి ఆదివారం కూడా షాపు, మాస్టారికి పేపర్లు దిద్దడం, ఎన్నికల డ్యూటీ. ఇవి చాలనట్టు మాఘం, వైశాఖం వస్తే అందరికీ పెళ్ళిళ్ళే. ఊరంతా మూఢం ఎప్పుడు పోతుందా అని క్యాలెండర్ చూస్తే మేం మూఢం ఎప్పుడొస్తుందా అని చూస్తాం. శుక్ర మూఢం, పైన ఆషాఢం కలిసొచ్చిందంటే వరసగా ఆరు ఆదివారాలు ఆడొచ్చు. 2020 లాక్‌డౌన్‌లో ఫోన్లలో ఆడాం. ఎన్నడూ లేనంత క్రమం తప్పకుండా జరిగింది, ఎన్నడూ లేనంత నీరసంగా కూడా.

చెల్లికి పెళ్ళయి శ్రీకాకుళం వెళ్ళాక తనొక్కతీ ఇప్పటికీ ఫోన్‌లోనే. ఫోన్‌ని భీమాళి తాండ్ర డబ్బాకి ఆనించి బల్ల మీద నిలబెడతాం. మొదట తన డైస్ మేమే వేసేవాళ్ళం, తక్కువ పడ్డప్పుడల్లా "అన్నయ్యా, నిజం చెప్పు" అనేది. సొంత డైస్ కొనుక్కుంది. ఇప్పుడు తనకి ఎక్కువ పడ్డప్పుడల్లా మాకు అనుమానం. ఒక రాత్రి గదిలోంచి "వాణ్ణి చంపెయ్, తల మీద కొట్టు, నేను తలుపేస్తాను" అని చెల్లి గొంతు వినపడేసరికి వాళ్ళ అత్తగారు కంగారుగా తలుపు కొట్టారట. ఇప్పుడావిడే "ఆ దొంగ దొరికాడా?" అని అడుగుతున్నారు.

పోయిన ఏడాది పుస్తకంలో కథ వదిలేసి మన పండగనే కథ చేశాను. పైడితల్లి అమ్మవారి జాతరలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమానుకి చింతచెట్టు ఎక్కడుందో అమ్మవారు ఆ పూజారికి కలలో చెబుతుందంటారు. ఆ మాటకొస్తే ఇంతకన్నా మంచి వెతుకులాట కథ ఎవడు రాస్తాడు? మా అమ్మ వినేసింది. "అమ్మవారితో ఆటలేట్రా?" అంది. నాకూ భయం వేసి ఊరు పేరు, దేవత పేరు మార్చేశాను, లేని ఊరు పెట్టాను. ఆటలో చెట్టు దొరికింది, కత్తియోధుడు గొడ్డలి ఎత్తాడు. పకోడీలు పెట్టడానికి వచ్చిన అమ్మ ప్లేటు పట్టుకునే ఆగిపోయింది. "పూజ చెయ్యకుండా కొట్టీడమేటి? ముందు పసుపూ కుంకమా పెట్టి, కొబ్బరికాయ కొట్టు" అంది. రైల్వే వాడు గొడ్డలి దించి, "ఎన్ని కాయలు పిన్నీ?" అని అడిగాడు. నేను అప్పటికప్పుడు రూలు మార్చాను: పూజ చేస్తే రెండు డైస్ వేసి పెద్దది ఎంచుకోవచ్చు. అసలు నియమాల్లో కూడా ఈ వెసులుబాటు ఉంది, ఎప్పుడివ్వాలో డీఎం ఇష్టం. ఆ రోజు అమ్మ ఇష్టం.

కొనాలా అంటే, ముందు కొనకండి. అసలు నియమాల్లో ముఖ్యమైన భాగం 2023 జనవరిలో ఎవరైనా వాడుకోవచ్చనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా వదిలారు, దించుకుని చదవొచ్చు. బొమ్మలు అక్కర్లేదు, మాకు చింతపిక్కలు గాబ్లిన్లు, సిరప్ సీసాల మూతలు మనుషులు. డైస్ మాత్రం నిజమైనవి కొనండి, ఫోన్ యాప్‌లో నొక్కితే ఆ చేతి దురద తీరదు. నలుగురు మనుషులు, నెలకి రెండు ఆదివారాలు ఖాయంగా ఉంటేనే పెట్టె జోలికి వెళ్ళండి. ఎప్పుడూ తానే మాట్లాడేవాణ్ణి పిలవకండి, మేం ఒకణ్ణి పిలిచి నాలుగు నెలలు పడ్డాం. పూర్తి కథ ముగిసి తీరాలనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు. మా మొదటి కోటలోకి మేం ఇంకా అడుగుపెట్టలేదు.

దసరా తర్వాత మంగళవారం సిరిమానుకి చెల్లి వస్తోంది, రెండు రోజులుంటుంది. అయిదుగురం ఒకే గదిలో కూర్చుని మూడేళ్ళయింది. మేకని ఈసారి తను ఆడిస్తుందట, దాని జాతకం తీసి ఉంచమంది. తీశాను. నాలుగంటే నాలుగే ప్రాణాలు దానికి. రైల్వే వాడికి ఇంకా చెప్పలేదు.