తీరం చదువు: విశాఖా, మద్రాసా, ముంబయా? ఏది మేలు?

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో తీర జిల్లాల పిల్లల నుంచి, వాళ్ల తల్లిదండ్రుల నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. ‘తుఫాను, ఉప్పెన, తీరం కోత, సునామీ... వీటి మీద చదివి ఇక్కడే పనిచేయాలని ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరమంటారా, గేట్ రాసి ఐఐటీ మద్రాస్‌కు వెళ్లమంటారా, ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల ఇన్‌స్టిట్యూట్ మేలా?’ అడిగేవాళ్లలో చాలామంది ర్యాంకుల పట్టిక కూడా జతచేస్తారు. ఆ పట్టికను నేను పక్కన పెట్టేస్తాను. ఈ చదువు విషయంలో నేను చూసేది ఒక్కటే: ఆ రెండేళ్ల పీజీలో విద్యార్థి ఏదో ఒక తీరాన్ని తన చేతులతో, కాలం మారినప్పుడల్లా కొలుస్తాడా, లేదా?

అది అంత ముఖ్యం ఎందుకో రెండు తుఫానులను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అయిదారు మీటర్ల ఎత్తున ఊళ్ల మీద పడింది. సుమారు పదివేల ప్రాణాలు పోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 180 కిలోమీటర్ల గాలితో విశాఖను అల్లకల్లోలం చేసింది. అయినా అక్కడి టైడ్ గేజ్ (సముద్ర మట్టాన్ని కొలిచే పరికరం) నమోదు చేసిన ఉప్పెన 1.4 మీటర్లే. గాలి తీవ్రతలో తేడా ఉన్న మాట నిజమే. కానీ నీటి అడుగున ఉన్న తేడా అంతకన్నా తక్కువది కాదు. విశాఖ దగ్గర సముద్రం త్వరగా లోతవుతుంది. గాలి ఒడ్డుకు నెట్టిన నీరు అడుగు నుంచి వెనక్కి జారుకోవడానికి చోటుంటుంది. కృష్ణానది సముద్రంలో కలిసే మొగల ముందు మాత్రం చాలా దూరం లోతు తక్కువే. అక్కడ నెట్టుకొచ్చిన నీటికి పైకి లేచి నేల మీదికి రావడం తప్ప మరో దారి లేదు. వచ్చాక ఆపడానికి నేల ఎత్తు లేదు. పంట కాలువలు, డ్రెయిన్లు దాన్ని ఇంకా లోపలికి తీసుకుపోతాయి. అదే సమయానికి సముద్రం పోటు మీద ఉంటే నష్టం మరింత పెరుగుతుంది.

ఇదంతా సమీకరణాల్లో ఉంది కదా అంటారు. ఉంది. ఉప్పెన ఎత్తును ముందే లెక్కగట్టడానికి మన వాతావరణ శాఖ వాడే కంప్యూటర్ నమూనా ఐఐటీ ఢిల్లీలో తయారైందే. కానీ ఆ నమూనాకు తీరం లోతులు, నేల ఎత్తులు, మొగల రూపం ఎవరో ఒకరు కొలిచి ఇవ్వాలి. ఒక పెద్ద వరదకే ఏటిమొగ చోటు మార్చుకుంటుంది. ఒక్క తుఫానుకే ఇసుక తిన్నె కరిగిపోతుంది. పాత కొలతలు వేస్తే లెక్క ఎంత చక్కగా చేసినా జవాబు మాత్రం తప్పే వస్తుంది, ఆ తప్పు జవాబును నమ్ముకుని ఒక ఊరు ఇళ్లలోనే ఉండిపోతుంది. నా భయమంతా అదే.

ఈ కొలబద్దతో చూస్తే నా మొగ్గు ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపే. అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1950ల తొలినాళ్లలో ఇక్కడికి వచ్చి పనిచేసినప్పటి నుంచి విశాఖకు సముద్ర పరిశోధనలో పేరుంది. ఆంధ్ర, మహదేవన్ అని పేర్లు పెట్టిన సముద్రగర్భపు లోయలు ఆనాటి అన్వేషణ ఫలమే. వాతావరణ, సముద్ర శాస్త్రాలకు ఇక్కడ ఒకే విభాగం ఉంది. ఇది చిన్న సంగతి కాదు. తుఫాను పుట్టేది సముద్రం మీద, పెరిగేది సముద్రపు వేడితో. రెంటినీ వేరుచేసి చదివితే సగమే తెలుస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల అంచులు ఎందుకు కోసుకుపోతున్నాయో, ఎగువన కట్టిన ఆనకట్టలు ఒండ్రును ఎలా ఆపేస్తున్నాయో ఈ విశ్వవిద్యాలయ ఆచార్యుడిగా పనిచేసిన కె. నాగేశ్వరరావు గారి బృందం ఇక్కడి నుంచే ఉపగ్రహ చిత్రాలు, పాత పటాలు కలిపి చూపింది.

అన్నిటికన్నా, సముద్రం హాస్టల్ నుంచి నడిచి వెళ్లేంత దగ్గర. ఒక విద్యార్థి పాటు వేళకు, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, ఆర్కే బీచ్‌కు వెళ్లి, రోడ్డు గోడ మీద ఒక గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి నీటి అంచు దాకా కొలత కర్ర, లెవెల్ పరికరంతో అడుగడుగునా ఎత్తు రాసుకోవచ్చు. నెలకోసారి అదే గీత మీద అదే పని. నైరుతి రుతుపవనాల అలలకు ఇసుక కోసుకుపోయి నిటారు మెట్టు తేలడం, తర్వాతి నెలల్లో ఆ మెట్టు మళ్లీ పూడడం నోటు పుస్తకంలోనే కనిపిస్తుంది. పైగా ఈ బీచ్‌లో ఇంకో పాఠం ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక ఇక్కడ దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. విశాఖ ఓడరేవు ఔటర్ హార్బర్ రాతికట్టలు దాన్ని అడ్డుకుంటాయి. అందుకే అక్కడ పేరుకున్న ఇసుకను డ్రెడ్జర్‌తో తీసి బీచ్ వైపు పంపాల్సి వస్తోంది. మనిషి కట్టిన కట్టడం తీరాన్ని ఎలా మారుస్తుందో ఇంత దగ్గరగా చూడగలిగే తరగతి గది అరుదు.

లోపాలూ చెప్పాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలను పీడించే అధ్యాపక ఖాళీలు, చాలీచాలని నిధులు ఇక్కడా ఉన్నాయి. పరికరం అడిగి తీసుకోవాలి, పడవ దొరికే దాకా ఓపిక పట్టాలి, కోడింగ్ సొంతంగా నేర్చుకోవాలి. ఎవరో వెంటపడి చదివిస్తారనుకునే వాళ్లకు ఈ చోటు సరిపడదు.

బీటెక్ సివిల్ చదివిన వాళ్లకు నా సలహా వేరు. తీరానికి కట్టడాలు కట్టాలని ఉంటే ఐఐటీ మద్రాసే. అక్కడి ఓషన్ ఇంజినీరింగ్ విభాగంలో కోరిన అలను పుట్టించి, నమూనా గోడ మీద పడేసి చూడగల తొట్లు ఉన్నాయి. తైయూర్ ప్రాంగణంలో ఈ మధ్య పెద్ద అలల తొట్టి కూడా కట్టారు. ఉత్తర చెన్నైలో రాయపురం దగ్గర సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతిగట్ల వెనక ఉన్నది ఆ విభాగం పనే. మనకు అలాంటి ఇంజినీర్లు ఎంత అవసరమో తెలియాలంటే కాకినాడ నుంచి ఉప్పాడ దాకా తీరం రోడ్డు మీద ఒకసారి వెళ్లాలి. జియోట్యూబులతో (ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులతో) రక్షణ గోడ కట్టినా అలలు దాన్ని చీల్చాయి. తుఫాను వచ్చిన ప్రతిసారీ ఆ రోడ్డు కోతకు గురవుతుంది, ఒడ్డున ఇళ్లు కూలుతాయి. ఏటా రాళ్లు తెచ్చి పోయడం వైద్యం కాదు. ఒకచోట గట్టు కడితే దాని ఉత్తరాన కోత మొదలవుతుంది కాబట్టి, ఉప్పాడకు మందు వేసే ఇంజినీరు పై ఊరి సంగతి కూడా లెక్కగట్టాలి.

అయినా నా మొదటి ఓటు మద్రాసుకు ఎందుకు వేయనంటే, తొట్టిలో అడుగు భాగం మనం పోసుకున్నది. సముద్రం అడుగు మన మాట వినదు. తీరాన్ని ముందు చదివి, ఆ తర్వాత తొట్టి దగ్గరికి వెళ్లిన వాళ్లు వేసే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లోని జంషెట్జీ టాటా విపత్తు అధ్యయనాల విభాగం దారి పూర్తిగా వేరు. 1990 మేలో మచిలీపట్నం దగ్గర పెద్ద తుఫాను వచ్చినప్పుడు లక్షల మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపే. 1996 నవంబరులో కోనసీమ తుఫాను వెయ్యి మందికి పైగా బలితీసుకుంది, వాళ్లలో వేటకు వెళ్లి తిరిగిరాని మత్స్యకారులు చాలామంది. హెచ్చరిక ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు, చేరినా పశువులను, పడవను, వలలను వదిలి మనిషి ఎందుకు కదలలేదు అన్నవి భౌతికశాస్త్రం ప్రశ్నలు కావు. సోషియాలజీ, చరిత్ర, సోషల్ వర్క్ చదివిన వాళ్లు సంకోచించకుండా అక్కడికే వెళ్లాలి. క్షేత్రపర్యటనకు మాత్రం మన తీరాన్నే అడిగి తీసుకోండి. మత్స్యకార మహిళతో ఆమె భాషలో మాట్లాడగలగడం మీకున్న పెద్ద బలం.

ఐఐటీ భువనేశ్వర్ కంప్యూటర్ నమూనాల మీద మనసున్న వాళ్లకు మంచిదే. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణం ఇచ్చేది ముఖ్యంగా శిక్షణ. డిగ్రీకి బదులు అనుకోవద్దు. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్, జపాన్‌లో తొహోకు వంటి విశ్వవిద్యాలయాల గురించి పీహెచ్‌డీ నాటికి ఆలోచించుకోవచ్చు.

ఉద్యోగం మాటేమిటని అడుగుతారు. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్, మన ముంగిట్లోనే ఉంది. 2004 సునామీ తర్వాత, 2007 అక్టోబరులో దేశపు సునామీ హెచ్చరిక కేంద్రం అక్కడే మొదలైంది. ప్రాజెక్టు ఉద్యోగాలు, పరిశోధక ఫెలోషిప్‌లు, స్వల్పకాలిక కోర్సులు అక్కడ ఉంటాయి. 2020లో ఒడిశాలోని వెంకటరాయిపూర్, నొలియాసాహి అనే రెండు ఊళ్లకు యునెస్కో సముద్ర శాస్త్ర సంఘం ‘సునామీ సన్నద్ధ’ గుర్తింపు ఇచ్చింది. హిందూ మహాసముద్ర తీరంలో అవే మొదటివి. ఒడిశా తీరాన నొలియాలు తెలుగు మూలాలున్న మత్స్యకారులు. ఆ గుర్తింపు రావాలంటే ఊరి ముంపు పటం గీయాలి, తప్పించుకునే దారుల బోర్డులు పెట్టాలి, ఊరంతా కలిసి అభ్యాసం చేయాలి. నాగాయలంకకో భైరవపాలానికో అలాంటి పటం గీయగల వాళ్లు మన విశ్వవిద్యాలయం నుంచే రావాలని నా పట్టుదల.

విశాఖలో చేరేవాళ్లు చివరి సెమిస్టరు ప్రాజెక్టు కోసం ఊరిని మొదటి సెమిస్టరులోనే ఎంచుకోండి. నైరుతి, ఈశాన్యం రెండు కాలాల్లోనూ అదే గీత మీద కొలిచే వీలు అలాగైతేనే ఉంటుంది.