మాట కోసం ఆగాలా, సైగలు గమనించాలా?

పుట్టేటప్పుడే మెదడుకు దెబ్బ తగిలిన బిడ్డను చూసి ఇంట్లో పెద్దలు "ఆగి చూద్దాం, మాటలు అవే వస్తాయి" అంటారు. కొంత నిజమే. ఎడమ మెదడులో స్ట్రోక్ వస్తే పెద్దవాళ్లకు మాట పడిపోవచ్చు. అలాంటి దెబ్బే తగిలినా పసివాళ్లలో చాలామందికి కాస్త లేటైనా మాటలు వస్తాయి. కానీ అందరికీ కాదు. ఎవరికి రావో తేలేసరికి విలువైన నెలలు పోతాయి.

చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి పిల్లల చిన్న బృందాన్ని గమనించి 2010లో ఫలితాలు ప్రచురించారు. 18 నెలలకు వేలితో చూపడం లాంటి సైగలు బాగా చేసినవాళ్లకు 30 నెలలకు మాటలూ వయసుకు తగ్గట్టే ఉన్నాయి. సైగలు తక్కువైనవాళ్లు వెనకబడ్డారు.

అందుకే నేను సైగల వైపే. బిడ్డ కాకిని చూపిస్తే "కాకి! ఎగిరిపోయింది" అని వెంటనే అనండి. సైగలు కనిపించకపోతే, రెండేళ్లు నిండేదాకా ఆగకుండా స్పీచ్ థెరపిస్టును కలవండి.